ప్రైమర్ సరిగ్గా రాని రీలోడింగ్ ప్రెస్: విడిభాగాలు కొనే ముందు చూడవలసినవి

ప్రశ్న: మేము టెక్సాస్‌లో, డాలస్ శివార్లలో ఉంటున్నాము. గ్రీన్ కార్డు వచ్చిన తరువాత వారాంతాల్లో పిస్టల్ పోటీలకు వెళ్లడం అలవాటైంది. తూటాల ఖర్చు తగ్గుతుందని, ఒకరు వాడి వదిలేసిన నాలుగు స్టేషన్ల (పని దశల) రీలోడింగ్ ప్రెస్, అంటే పేలిన తూటాల ఖాళీ షెల్లను మళ్లీ నింపే యంత్రం కొని 9 ఎం.ఎం. తూటాలు చేసుకుంటున్నాను. మొదట బాగానే నడిచింది. ఇప్పుడు పది, పదిహేను తూటాలకొకసారి ప్రైమర్ (షెల్ అడుగున కూర్చొని, దెబ్బకు అంటుకొని మందును మండించే చిన్న మూత) రావడం లేదు. ఆ షెల్ అడుగు నుంచి తుపాకి మందు కారిపోతోంది. అప్పుడప్పుడు ప్రైమర్ పక్కకు ఒరిగి నలుగుతోంది. ప్రైమర్ ఫీడ్ (ప్రైమర్లను అందించే భాగం) విడిభాగాలన్నీ కొత్తవి వేయించాలా? ట్యూబులో ప్రైమర్లు ఆగినప్పుడు పైనుంచి సన్నని స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తట్టవచ్చా? మరునాటి పని కోసం ట్యూబులు రాత్రే నింపి పెట్టుకోవచ్చా? – ఒక పాఠకుడు

జవాబు: మీ మూడు ప్రశ్నల్లో రెండోదానికి ముందుగా జవాబు చెప్పాలి. తట్టకూడదు. స్క్రూడ్రైవర్‌తోనే కాదు, ఏ లోహపు కడ్డీతోనూ, ఎంత మెల్లగానైనా తట్టకూడదు. ప్రైమర్‌లో ఉండేది దెబ్బకు అంటుకోవడానికే తయారు చేసిన మిశ్రమం. చాలా రకాల్లో అందులో ప్రధానమైనది లెడ్ స్టిఫ్నేట్. దెబ్బకే కాక రాపిడికి, వేడికి, స్థిర విద్యుత్తుకు కూడా అది స్పందిస్తుంది. ట్యూబులో వంద ప్రైమర్లు ఒకదానిపై ఒకటి ఆనుకొని ఉంటాయి కాబట్టి, ఒకటి అంటుకుంటే మిగిలినవన్నీ వరుసగా అంటుకునే అవకాశం ఉంది. ట్యూబు చుట్టూ మందమైన లోహపు తొడుగు బిగించి ఉంటుంది. పేలుడు పక్కలకు రాకుండా పైకి పోవడానికే దానిని అక్కడ పెట్టారు. మీరు పైనుంచి కడ్డీ దించారంటే, ఆ పేలుడు పోవలసిన దారిలోనే మీ చేయి, ముఖం ఉన్నాయన్నమాట.

మొదటి ప్రశ్నకు నా జవాబు: ఇప్పుడే ఏమీ కొనవద్దు. మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే ఇది అరిగిన భాగాల వ్యవహారంలా లేదు. ప్రైమర్ ఫీడ్‌లో తప్పులు చాలావరకు మురికి వల్లనో, అమరిక కాస్త పక్కకు జరగడం వల్లనో వస్తాయి. భాగం చెడిపోవడమన్నది ఆ రెండింటి తరువాతి మాట. కుట్టు తప్పినప్పుడు దర్జీ ముందు సూది కింది రేకు విప్పి పేరుకున్న నూగు తుడుస్తాడే గాని మిషను మార్చడు కదా, ఇక్కడా అదే వరుసలో పోవాలి.

అసలు సంగతిలోకి వెళ్లే ముందు ఇతర పాఠకుల కోసం ఒక మాట. సొంత వాడకానికి తూటాలు తిరిగి నింపుకోవడానికి అమెరికా ఫెడరల్ చట్టం లైసెన్సు అడగదు. అమ్మడానికి చేస్తే మాత్రం లైసెన్సు తప్పనిసరి. అయితే హెచ్-1బీ, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపుల కిందికి వస్తే తప్ప, తుపాకీనే కాదు, తూటాలను కూడా దగ్గర ఉంచుకోకూడదని అదే చట్టం చెబుతోంది. మన వాళ్లలో ఈ సంగతి తెలియక స్నేహితుల తూటాల పెట్టె కారులో పెట్టుకొని తిరిగేవారు ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. భారతదేశంలోనైతే 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడమే నేరం. అందువల్ల కింద రాసినదంతా మీలా అక్కడ చట్టబద్ధంగా ఈ పని చేసుకుంటున్న వారికే వర్తిస్తుంది.

ఇక మీ ప్రెస్. మీరు చెప్పిన నాలుగు స్టేషన్లను బట్టి అది డిల్లన్ కంపెనీ 550 ప్రెస్ తరహాదనిపిస్తోంది: షెల్ ప్లేటును (షెల్లు నిలబడే గుండ్రని పలకను) చేత్తో తిప్పుకోవాలి, ప్రైమర్‌ను ఒక స్లైడ్ మోసుకొస్తుంది. హ్యాండిల్ ఒకసారి దిగి లేచేలోగా ఆ స్లైడ్ వెనక్కి వెళ్లి ట్యూబు కింద నిలుస్తుంది. ట్యూబు కొసన ఉన్న ప్లాస్టిక్ మూతి గుండా ఒక ప్రైమర్ దాని కప్పులోకి దిగుతుంది. స్లైడ్ ముందుకు వచ్చి ఆ కప్పును షెల్ ప్లేటు కిందికి తెస్తుంది. మీరు హ్యాండిల్‌ను ముందుకు నెట్టినప్పుడు కింది పంచ్ (నొక్కే చిన్న కడ్డీ) ఆ ప్రైమర్‌ను షెల్ అడుగున ఉన్న గుంటలోకి నొక్కుతుంది. ఈ మొత్తంలో ప్రైమర్‌ను ట్యూబు నుంచి దించేది దాని సొంత బరువు, దానిపైనున్న వరుస బరువు, ఆ పైన నిలబడే ప్లాస్టిక్ కడ్డీ బరువు మాత్రమే. లాగే చేయి గాని, నెట్టే స్ప్రింగు గాని అక్కడ లేవు. కాబట్టి వెంట్రుకవాసి అడ్డు కూడా దానిని ఆపగలదు. మీ 9 ఎం.ఎం. తూటాలకు వాడే చిన్న రకం ప్రైమర్ వ్యాసం 0.175 అంగుళం, అంటే నాలుగున్నర మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ. అంత చిన్న వస్తువు దారిలో ఒక మందు పలుకు కూడా పెద్ద అడ్డే.

ఆ మందు పలుకు ఎక్కడి నుంచి వస్తుందో మీ ఉత్తరంలోనే ఉంది. ప్రైమర్ రాని షెల్‌లోకి తరువాతి స్టేషన్‌లో మందు పడుతుంది. షెల్ అడుగున సుమారు 0.080 అంగుళం, అంటే రెండు మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి తెరిచే ఉంటుంది. పిస్టల్ మందుల్లో, ముఖ్యంగా గుండ్రని సన్న రవ్వలా ఉండే రకాల్లో, ఆ రంధ్రం గుండా ధారగా కారిపోనివి తక్కువ. కారిన మందు షెల్ ప్లేటు కిందికి, అక్కడి నుంచి స్లైడ్ నడిచే గాడిలోకి చేరుతుంది. దానివల్ల స్లైడ్ చివరిదాకా వెళ్లలేక మరో ప్రైమర్ తప్పుతుంది, మరికొంత మందు కారుతుంది. ఒకసారి తప్పిన ప్రెస్ ఆ రోజంతా తప్పుతూనే ఉండడానికి ఇదే కారణం. చాలామంది ఈ చక్రాన్ని గమనించక, మొదటి తప్పుకు, పదో తప్పుకు కారణం ఒకటే అనుకొని కొత్త భాగాలు తెప్పిస్తారు. మొదటి తప్పుకు కారణం ఏదైనా కావచ్చు. ఆ తరువాతి వాటిలో ఎక్కువ భాగం కారిన మందు పనే.

అందువల్ల మొదట చేయవలసిన పరీక్ష మందు లేకుండా చేసేదే. ముందు ట్యూబులో ఉన్న ప్రైమర్లన్నీ తీసి వాటి పెట్టెలో సర్దండి. మందు కొలిచే పాత్రను ప్రెస్ నుంచి దించి దూరంగా పెట్టండి. రక్షణ కళ్లద్దాలు పెట్టుకోండి, ఇకపై ఏ దశలోనూ వాటిని తీయవద్దు. ప్రెస్‌ను శుభ్రం చేసి, పది ప్రైమర్లు మాత్రమే వేసి, సైజింగ్ అయిన (కొలతకు నొక్కి సరిచేసిన) పది షెల్లకు ప్రైమర్లు ఎక్కించి చూడండి. పదీ సరిగ్గా ఎక్కితే ఇలాగే మరికొన్ని పదులు చేయండి. మందు లేనప్పుడు ఒక్కటీ తప్పకుండా, మందు పెట్టాక తప్పుతుంటే, మీ సమస్య ప్రైమర్ ఫీడ్‌లో లేదు. మందు ఎక్కడో ఒలుకుతోంది. మందు పాత్ర కింది గరాటు మూతి షెల్ అంచుకు సరిగ్గా ఆనకపోవడమో, షెల్ ప్లేటును తిప్పేటప్పుడు చివరన కుదుపు రావడమో కావచ్చు. 9 ఎం.ఎం. షెల్ పొట్టిది, మందు అంచుకు దగ్గరగా నిండే రకమైతే ఆ కుదుపుకే నాలుగు పలుకులు ఎగిరి కింద పడతాయి. మందు లేకపోయినా తప్పుతుంటే మాత్రం కింది వాటిని ఒక్కొక్కటిగా చూడాలి.

శుభ్రం చేయడం అన్నాను కాబట్టి అది ఎలాగో కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే ఎక్కువమంది తొందరపడి నూనె పోస్తారు. స్లైడ్ నడిచే దారికి, ట్యూబుకు, కప్పుకు నూనె పనికిరాదు. నూనె తడికి మసి, మందు అంటుకొని ముద్దవుతాయి. పైగా అది ప్రైమర్ లోపలికి చేరితే ఆ తూటా పేలకపోవచ్చు. పాత ప్రైమర్‌ను బయటికి నెట్టినప్పుడు రాలే నల్లటి మసి ఈ మురికిలో ముఖ్యమైన భాగం. అందులో సీసం ఉంటుంది. కాబట్టి గాలి గొట్టంతో ఊదవద్దు. ఊదితే అది మీ ఊపిరితిత్తులకు, గ్యారేజీలో ఉన్న పిల్లల సైకిలు హ్యాండిల్‌కు చేరుతుంది. ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో తుడిచి, గుడ్డను మూట కట్టి పారవేయండి. ట్యూబు లోపలి గోడకు కూడా ప్రైమర్ల నుంచి రాలిన సన్నని పొడి అంటుకొని ఉంటుంది. పూర్తిగా ఖాళీ అయిందని వెలుతురులో చూసి నిర్ధారించుకున్నాకే, ఆల్కహాల్‌లో ముంచిన దూదిని ఒక చెక్క పుల్లకు చుట్టి లోపల నెమ్మదిగా తిప్పి తీయండి. పూర్తిగా ఆరనివ్వండి. ఆ పని చేసిన చేతులతో ఏమీ తినవద్దు. స్లైడ్ కింది గాడిలో, కడ్డీ మూలల్లో టార్చి వేసి చూడండి. పేలిన పాత ప్రైమర్ ఒకటి గొట్టంలోకి పోకుండా అక్కడ పడి ఉండడం మామూలే. వాడిన ప్రెస్ కొన్నారు కాబట్టి మీకంటే ముందు వాడినవారి మసి కూడా మీకే దక్కి ఉంటుంది.

తరువాత స్లైడ్ నడక. ట్యూబు ఖాళీగా ఉండగా, షెల్లు లేకుండా, హ్యాండిల్‌ను చాలా నెమ్మదిగా నడిపించి స్లైడ్‌ను పక్కనుంచి చూడండి. అది వెనక చివరిదాకా వెళుతోందా, లేక గోరంత ముందే ఆగుతోందా? వెళ్లవలసినంత వెళ్లకపోతే కప్పు ట్యూబు మూతికి సరిగ్గా కిందికి రాదు; ప్రైమర్ సగం కప్పులోకి, సగం స్లైడ్ అంచుపైకి దిగి ఒరిగిపోతుంది. మీకు కనిపిస్తున్న ఒరిగిన ప్రైమర్లలో కొన్ని ఇక్కడే పుడుతూ ఉండవచ్చు. స్లైడ్‌ను నడిపే వంపు కడ్డీ వంకర పోయిందేమో, ఈ మొత్తాన్ని ప్రెస్‌కు బిగించిన స్క్రూలు వదులయ్యాయేమో చూడండి. స్క్రూలు వదులవడం చాలా తరచుగా జరిగేదే, ఎందుకంటే ప్రతి తూటాకూ ప్రెస్ ఒకసారి అదురుతుంది. బిగించేటప్పుడు ఒక స్క్రూను పూర్తిగా తిప్పివేసి రెండోదానికి పోకుండా, రెండింటినీ కొద్దికొద్దిగా మార్చి మార్చి బిగిస్తూ, మధ్యమధ్య స్లైడ్ ఇంకా తేలికగానే నడుస్తోందా అని చూసుకోవాలి.

స్లైడ్ ఎక్కడ రాసుకుంటోందో కంటికి తెలియకపోతే ఒక చిన్న ఉపాయం ఉంది. స్లైడ్ పైముఖం మీద మార్కర్ పెన్నుతో నల్లగా పూసి ఆరనివ్వండి. ప్రైమర్లు లేకుండానే హ్యాండిల్‌ను ఇరవై ముప్పై సార్లు నడిపి, స్లైడ్ తీసి చూడండి. రాపిడి ఉన్నచోట నలుపు పోయి లోహం మెరుస్తుంది. ఆ మెరుపు గీత సరిగ్గా మధ్యలో, పలచగా, నిలువునా ఒకేలా ఉంటే బెంగ లేదు. ఒక అంచునే ఉంటే మొత్తం అమరిక ఒక పక్కకు వాలి ఉందని అర్థం. కప్పు వెనక అంచు దగ్గర లోతుగా, అడ్డంగా గీరినట్టు ఉంటే ట్యూబు మూతి కిందికి జారి స్లైడ్‌ను తాకుతోంది. కంపెనీ పుస్తకంలో ఇచ్చిన ఏ పటం కంటే కూడా ఈ గీతే మీ ప్రెస్ గురించి ఎక్కువ చెబుతుంది.

ట్యూబు మూతి విషయంలో కాస్త ఆగాలి. మీ తప్పులకు మొదటి కారణం ఇక్కడ ఉండే అవకాశమే ఎక్కువ. ట్యూబు కింది కొసన బిగించి ఉండే ఆ చిన్న ప్లాస్టిక్ ముక్కకు పక్కన ఒక మెట్టులాంటి పొడుచుకువచ్చిన భాగం ఉంటుంది. అది తొడుగు అడుగున ఉన్న గాడిలో కూర్చోవాలి. ట్యూబు తీసి శుభ్రం చేసి తిరిగి పెట్టేటప్పుడు అది గాడిలో పడకుండా పైనే ఆగిపోతే, ట్యూబు మొత్తం కొద్దిగా ఎత్తులో నిలుస్తుంది. ఎత్తులో నిలిస్తే మూతికి, స్లైడ్‌కు నడుమ సందు పెరుగుతుంది. ఆ సందులో రెండో ప్రైమర్ సగం దిగి, స్లైడ్ కదలగానే అడ్డంగా నలుగుతుంది. ఇది కేవలం పని ఆగిపోయే తప్పు కాదు, పేలుడుకు దారి తీయగల తప్పు. కాబట్టి ట్యూబును మెల్లగా తిప్పుతూ మెట్టు గాడిలో పడినట్టు వేళ్లకు తెలిసిన తరువాతే పై మూత బిగించండి. మూతకు చేతి బిగింపు చాలు, పట్టకారు అక్కరలేదు. మూతిని భూతద్దం కింద పెట్టి చూడండి. లోపలి అంచు గుండ్రంగా, నునుపుగా ఉండాలి. పగులు, పీచు, నల్లగా కాలినట్టున్న మచ్చ వీటిలో ఏది కనిపించినా ఆ ముక్కను మార్చవలసిందే. మీరు నిజంగా కొనవలసిన భాగం ఏదైనా ఉంటే అది ఇదే కావచ్చు. ధర కూడా తక్కువే, రెండు తెప్పించి ఒకటి దగ్గర పెట్టుకోండి.

కప్పు, దాని లోపలి పంచ్ తరువాత వస్తాయి. ప్రైమర్ కప్పులో కూర్చున్నప్పుడు దాని పైభాగం స్లైడ్ ముఖంతో సమంగా ఉండాలి. పైకి పొడుచుకువస్తే స్లైడ్ ముందుకు కదిలేటప్పుడు మూతి అడుగున తగులుకుంటుంది. లోతుగా దిగితే పైనున్న రెండో ప్రైమర్ ఆ ఖాళీలోకి తొంగి చూస్తుంది. ఎత్తు మారడానికి మామూలు కారణం కప్పు అడుగున స్ప్రింగులో చేరిన మందు పలుకులు, లేదా పంచ్ మరలు వదులై కొద్దిగా పైకి రావడం. విప్పి, తుడిచి, బిగించండి. ఇంతకు ముందు ఈ ప్రెస్‌పై .45 తూటాలు (పెద్ద ప్రైమర్ వాడే లావు రకం) చేసి ఉంటే, పెద్ద ప్రైమర్ల భాగాల్లో ఏదో ఒకటి మారకుండా మిగిలిపోయిందేమో కూడా చూసుకోవాలి. పెద్ద ప్రైమర్ వ్యాసం 0.210 అంగుళం, పెద్ద ట్యూబులో గాని, పెద్ద కప్పులో గాని చిన్న ప్రైమర్ నిలకడగా ఉండదు. వాడిన ప్రెస్‌లలో ఇలాంటి కలగాపులగం నేను చాలా చూశాను.

ఇంతవరకు చెప్పినవి ప్రైమర్ రాకపోవడానికి కారణాలు. వచ్చిన ప్రైమర్ ఒరిగి నలగడానికి షెల్ వైపు కారణాలు వేరే ఉన్నాయి, వాటిని ఫీడ్ లోపంగా పొరపడకూడదు. మీరు కాల్పుల రేంజిలో ఏరుకున్న షెల్లు వాడుతూ ఉంటే వాటి అడుగు భాగం చూడండి. వృత్తంలో శిలువలాంటి గుర్తు ఉన్నవి నేటో ప్రమాణానికి చేసిన సైనిక తూటాల షెల్లు. వాటిలో ప్రైమర్ ఊడిపోకుండా గుంట అంచును లోపలికి నొక్కి ఉంచుతారు. పాత ప్రైమర్ బయటికి వచ్చినా ఆ నొక్కు అలాగే ఉండి, కొత్త ప్రైమర్ అంచుకు తగిలి దానిని ఒరిగేలా చేస్తుంది. అలాంటి గుంటలను విడిగా దొరికే పనిముట్టుతో వెడల్పు చేయాలి, లేదా ఆ షెల్లను పక్కన పెట్టాలి. 9 ఎం.ఎం. షెల్లకు కొరత లేదు కాబట్టి పక్కన పెట్టడమే సుఖమని నా అభిప్రాయం. .45 వాడేవారికి మరో తంటా ఉంది: అదే తూటాకు పెద్ద గుంటలున్న షెల్లు, చిన్న గుంటలున్న షెల్లు రెండూ బజారులో ఉన్నాయి, అవి కలిసిపోతే ప్రెస్ ఒక్కసారిగా మొరాయిస్తుంది.

తప్పు ఒక లెక్క ప్రకారం వస్తోందేమో కూడా రాసి పెట్టుకోండి. మీ షెల్ ప్లేటుకు నాలుగు స్థానాలు ఉన్నాయి. సరిగ్గా ప్రతి నాలుగో షెల్‌కే ప్రైమర్ ఒరుగుతుంటే షెల్ ప్లేటులో ఒక స్థానం దెబ్బతిన్నదో, మురికిపట్టిందో అనుకోవాలి. అది ట్యూబుకు, స్లైడ్‌కు సంబంధించినది కాదు. ట్యూబు నిండుగా ఉన్నప్పుడు బాగా నడిచి చివరి నాలుగైదు ప్రైమర్ల దగ్గర మాత్రమే తప్పుతుంటే పైనుంచి పడే బరువు చాలడం లేదు. ప్రెస్‌తో పాటు వచ్చే ప్లాస్టిక్ కడ్డీ ప్రైమర్ల పైన నిలబడి ఉందో లేదో చూడండి. పాత యజమాని దానిని పోగొట్టి ఉంటే అదే తరహాది తెప్పించుకోండి గాని, బదులుగా ఇనుప కడ్డీ వేయవద్దు. ఏ లెక్కా లేకుండా, ఎప్పుడు పడితే అప్పుడు తప్పుతుంటే మళ్లీ మురికినే అనుమానించాలి. మీరు రాసిన “పది, పదిహేనుకొకసారి” అన్నది ఈ చివరి తరగతికే దగ్గరగా ఉంది.

ప్రైమర్ తలకిందులుగా ఎక్కుతోందని మీరు రాయలేదు, కానీ అది కూడా కనిపిస్తే ప్రెస్‌ను అనకండి. అది పళ్లెంలో జరిగిన తప్పు. నింపే ట్యూబుతో ఒక్కొక్కటిగా ఎత్తుకొనేటప్పుడు ప్రైమర్లన్నీ మెరిసే వైపు పైకి ఉండాలి. ఆ ట్యూబును తిరగేసి ప్రెస్ ట్యూబులోకి వదిలినప్పుడు మెరిసే వైపు కిందికి వచ్చి, పంచ్ దానిని నొక్కుతుంది. ఒక్కటి తిరగబడి ఉన్నా అది అలాగే షెల్‌లోకి పోతుంది.

ఎక్కిన ప్రతి ప్రైమర్‌ను వేలికొసతో తడిమి చూడడం అలవాటు చేసుకోండి. అది షెల్ అడుగుతో సమంగా కూడా కాదు, 0.003 నుంచి 0.005 అంగుళం లోపలికి ఉండాలి; వేలికి అది చిన్న పల్లంలా తెలుస్తుంది. ఉబ్బెత్తుగా తగిలితే ఆ తూటాను వేరు చేయండి. ఉబ్బెత్తు ప్రైమర్ రివాల్వర్‌లో సిలిండర్‌ను తిరగనివ్వదు, ఆటోమేటిక్ పిస్టల్‌లో గుర్రం (హ్యామర్) కొట్టిన దెబ్బ ప్రైమర్‌ను లోపలికి నెట్టడానికే సరిపోయి తూటా పేలకపోవచ్చు, మరీ దురదృష్టమైతే పిస్టల్ స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జరిగే భాగం) మూసుకొనేటప్పుడే పేలవచ్చు. ప్రైమర్ ఫీడ్ అంతా సరిగ్గా ఉండి ఉబ్బెత్తుగా మాత్రమే వస్తుంటే షెల్ ప్లేటు మధ్య బోల్టు వదులైందేమో చూడండి. వదులైతే హ్యాండిల్ నెట్టిన బలంలో కొంత ప్లేటు వాలడానికే ఖర్చవుతుంది. హ్యాండిల్ గట్టిగా తగిలినప్పుడు ఇంకాస్త బలం పెట్టి నొక్కడం మాత్రం ఎన్నడూ చేయవద్దు. చేతికి కొత్తగా తగిలిన ప్రతి అడ్డు దగ్గరా ఆగి, తొంగి చూసి, ఆ తరువాతే కదలాలి.

ప్రైమర్ల కంపెనీ మార్చారా అన్నది కూడా గుర్తు చేసుకోండి. 2020 తరువాత రెండు మూడేళ్లు అమెరికాలో ప్రైమర్లు దొరకడమే కష్టమైనప్పుడు, చేతికి అందిన పెట్టెనల్లా కొన్నవారు చాలామంది. కంపెనీని బట్టి ప్రైమర్ల ఎత్తు, గట్టిదనం, అంచు నునుపు కొద్దికొద్దిగా మారతాయి. ఒక రకానికి సరిపోయిన అమరిక మరో రకానికి బిగుతు కావచ్చు. ఫెడరల్ కంపెనీ ప్రైమర్లు మెత్తనివని, సులువుగా అంటుకుంటాయని వాడేవారందరికీ తెలుసు. ఆ కంపెనీ పెట్టెలు మిగతావాటి కంటే పెద్దవిగా ఉండడానికి కారణం కూడా అందులో ప్రైమర్లను దూరదూరంగా అమర్చడమే. అవి వాడుతున్నట్టయితే పైన చెప్పిన పరీక్షల్లో ఇంకొంత నిదానం చూపండి. ఒకే ట్యూబులో రెండు కంపెనీలవి కలపవద్దు, కలిపితే తప్పు ఎక్కడుందో ఎప్పటికీ తేలదు.

ట్యూబులో నిజంగానే ప్రైమర్లు ఇరుక్కుపోతే ఏం చేయాలన్నది మిగిలింది. మందు పాత్రను ముందు దూరంగా తీసుకుపోండి. కళ్లద్దాలు, వీలైతే ముఖానికి కవచం పెట్టుకొని, ట్యూబు నోటికి ఎదురుగా తల గాని చేయి గాని రాకుండా, ట్యూబును ప్రెస్ నుంచి విప్పి, మెత్తటి తువ్వాలు పరిచిన పళ్లెంపై వంచండి. చాలావరకు బరువుతోనే రాలిపోతాయి. రాలకపోతే పొడవవద్దు, బల్లకు కొట్టవద్దు, వేడి చేయవద్దు. ట్యూబులో పలచని నూనె పోసి, ఎవరూ ముట్టని చోట ఒక రోజు ఉంచి, మళ్లీ వంచి చూడండి. ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి: నూనెలోనో నీటిలోనో నానిన ప్రైమర్ చచ్చిపోయిందని నమ్మకూడదు. ఆరిన తరువాత అది మళ్లీ పేలవచ్చు. కాబట్టి బయటికి వచ్చినవాటిని చెత్తబుట్టలో వేయకుండా, మీ ఊరి ప్రమాదకర వ్యర్థాల కేంద్రాన్నో, అగ్నిమాపక కార్యాలయాన్నో అడిగి అప్పగించండి. అప్పటికీ రాకపోతే ఆ ట్యూబును ప్రైమర్లతో సహా వారికే ఇచ్చి, కొత్త ట్యూబు కొనుక్కోండి. ఇక్కడ కొనమని నేను సంకోచం లేకుండా చెబుతాను.

మీ మూడో ప్రశ్నకు జవాబు: ట్యూబులు రాత్రి నింపి పెట్టవద్దు. ప్రైమర్లను కంపెనీవారు ఒకటొకటిగా గూళ్లలో అమర్చేది ఒకటి అంటుకున్నా మిగిలినవాటికి తేలికగా పాకకుండా ఉండేందుకే. ట్యూబులో నింపడమంటే ఆ ఎడాన్ని మనమే తీసివేసి వాటిని ఒకదానికొకటి ఆనించడం. పని చేస్తున్న కాసేపు అది తప్పదు. రాత్రంతా బల్లమీద, పిల్లలు తిరిగే ఇంట్లో, జారి కింద పడగల చోట ఆ స్థితిలో ఉంచడానికి మాత్రం కారణం లేదు. పని మధ్యలో లేవవలసి వస్తే ట్యూబు ఖాళీ చేసి, ప్రైమర్లను అవి వచ్చిన పెట్టెలోనే తిరిగి సర్దండి; సీసాల్లో, డబ్బాల్లో కుమ్మరించి పెట్టడం ట్యూబు కంటే కూడా చెడ్డది. ఇంట్లో సొంత వాడకానికి ఉంచుకొనే ప్రైమర్లు మొత్తం 10,000 దాటకూడదని అక్కడి అగ్ని భద్రతా ప్రమాణాలు చెబుతాయి. మీ నగరం నిబంధన అంతకంటే తక్కువ కావచ్చు, అడిగి తెలుసుకోండి. మందు డబ్బా, ప్రైమర్ల పెట్టె ఒకే అరలో పెట్టకండి, రెండింటికీ తాళం ఉండనివ్వండి.

పైన చెప్పిన వరుసలో అన్నీ చూశాక కూడా మందు లేకుండానే ప్రైమర్లు తప్పుతుంటే, మార్కర్ పరీక్షలో స్లైడ్‌పై గీత ఎక్కడ పడిందో, ట్యూబు మూతి అంచు ఎలా ఉందో, ఏ కంపెనీ ప్రైమర్లు వాడుతున్నారో రాసి, స్లైడ్‌ను పైనుంచి తీసిన ఫొటో ఒకటి జతచేసి మళ్లీ ఉత్తరం రాయండి.